చెవితో చదివేవారికి ధ్వనిపై అధికారం

కంప్యూటర్ తెర ఆరిపోతే చూపున్నవారి పని నిలిచిపోతుంది. అంధులకు తెర ఆరినా పని సాగుతుంది. ధ్వని ఆగితేనే వారి పని ఆగుతుంది. తెరపైనున్న అక్షరాలను, పట్టికలను, బటన్లను వరుసగా చదివి వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. దానిని ఉపయోగించేవారికి ఆ గొంతే తెర. కనుక వారి కంప్యూటరులో ధ్వనిని నియంత్రించడం వినోదానికి సంబంధించిన విషయం కాదు. చదువుకు, ఉద్యోగానికి, పౌరసేవలకు సంబంధించిన విషయం.

చూపున్నవారు ధ్వనిని ఒకే వస్తువుగా భావిస్తారు. ఎక్కువైతే తగ్గిస్తారు, అక్కరలేకపోతే ఆపేస్తారు. స్క్రీన్ రీడర్ వాడేవారి చెవికి అదే స్పీకరు నుండి రెండు రకాల ధ్వనులు చేరుతాయి. ఒకటి, చదివి వినిపించే గొంతు. రెండవది, పాట, వీడియో, సమావేశంలో మాట్లాడేవారి స్వరం వంటి ఇతర ధ్వని. ఈ రెండూ కలిసిపోతే ఏదీ అర్థం కాదు. రెండింటికీ ఒకే నియంత్రణ ఉంటే, ఒకదానిని తగ్గించినప్పుడు రెండవదీ తగ్గిపోతుంది.

ఆస్తిపన్ను చెల్లించడానికి ఒక అంధ గృహస్థురాలు కార్యాలయపు వెబ్ పేజీని తెరిచారనుకుందాం. పేజీ తెరుచుకోగానే స్వాగతగీతం దానంతట అదే మొదలయింది. చూపున్నవారికి మూలనున్న ఆపే గుర్తు కనిపిస్తుంది, వెంటనే నొక్కుతారు. ఆమె ఆ గుర్తును చేరాలంటే స్క్రీన్ రీడర్ గొంతు వినబడాలి. ఆ గొంతును పాట కప్పివేసింది. కంప్యూటరు ధ్వనిని తగ్గిస్తే గొంతు కూడా తగ్గుతుంది. పూర్తిగా ఆపితే ఆమె ముందు తెర లేనట్టే. చివరకు పొరుగింటివారిని పిలిచి, తన ఆస్తి వివరాలు, బ్యాంకు సమాచారం వారి చేతిలో పెట్టవలసి వస్తుంది. ఒక పాట వల్ల పోయింది సమయం మాత్రమే కాదు, గోప్యత కూడా.

ఈ ఇబ్బందికి నియమం ఏనాడో ఏర్పడింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ప్రకటించిన వెబ్ ప్రాప్యతా మార్గదర్శకాల రెండవ రూపంలో ఇలా నిర్ణయించారు: పేజీలోని ధ్వని దానంతట అదే మొదలై 3 సెకన్లకు మించి సాగితే, దానిని ఆపడానికైనా, కంప్యూటరు మొత్తం ధ్వనితో నిమిత్తం లేకుండా విడిగా తగ్గించడానికైనా వీలుండాలి. ఇది మూడు స్థాయిలలో మొదటిదైన ‘ఎ’ స్థాయి నియమం. అంటే కనీస అవసరం. అసలు ధ్వని తనంతట తాను మొదలుకాకుండా, కోరినవారు నొక్కినప్పుడే వినిపించడం అన్నిటికన్నా మేలు.

వెబ్ పేజీల బాధ్యత అది. ఇక కంప్యూటరులో ఉన్న సదుపాయాలను పరిశీలించాలి. విండోస్ విస్టా కాలం నుండి ఒక్కొక్క ప్రోగ్రాముకు విడివిడిగా ధ్వనిస్థాయి నిర్ణయించే వాల్యూమ్ మిక్సర్ అందుబాటులో ఉంది. ఇటీవలి విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వి మీటలను కలిపి నొక్కితే ధ్వని అమరికలు తెరుచుకుంటాయి. అందులో ట్యాబ్ మీటతోను, బాణపు మీటలతోను కదిలి, బ్రౌజరు ధ్వనిని తగ్గించి, స్క్రీన్ రీడర్ గొంతును యథాతథంగా ఉంచవచ్చు. మౌస్ అవసరం లేదు.

ఉచితంగా లభించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరును 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ ప్రారంభించారు. ఆయన స్వయంగా అంధులు. కొనే శక్తి లేనివారికి కంప్యూటర్ దూరం కాకూడదన్నది ఆ ప్రయత్నపు ఉద్దేశం. దానిలో ధ్వనికి సంబంధించిన రెండు సదుపాయాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినవి. ఎన్‌వీడీఏ మీటగా సాధారణంగా ఇన్సర్ట్ మీటను వాడతారు.

మొదటిది ఆడియో డకింగ్. స్క్రీన్ రీడర్ మాట్లాడుతున్నంతసేపు ఇతర ధ్వనులు తగ్గి, అది ఆగగానే తిరిగి పెరుగుతాయి. ఇద్దరు మాట్లాడుతుండగా మూడవవారు మర్యాదగా గొంతు తగ్గించడం వంటిదే ఇది. ఎన్‌వీడీఏ, షిఫ్ట్, డి మీటలతో దీనిని మార్చుకోవచ్చు. అయితే ఎన్‌వీడీఏను కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసినప్పుడే ఇది పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ నుండి నడిపే పోర్టబుల్ ప్రతిలో పనిచేయదు.

రెండవది 2024లో చేరిన సౌండ్ స్ప్లిట్. ఎన్‌వీడీఏ, ఆల్ట్, ఎస్ మీటలు నొక్కితే స్క్రీన్ రీడర్ గొంతు ఎడమ చెవికి, మిగిలిన ధ్వనులు కుడి చెవికి చేరుతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకొని ఒక చెవితో సమావేశాన్ని, మరొక చెవితో పత్రాన్ని అనుసరించవచ్చు. ఒక చెవికి వినికిడి తక్కువైనవారికి ఈ పద్ధతి పనికిరాదు. వారు విండోస్ యాక్సెసిబిలిటీ అమరికలలో మోనో ఆడియోను ఎంచుకుంటే రెండు వైపుల ధ్వనీ రెండు చెవులకూ కలిసి వినిపిస్తుంది.

తరచుగా ఎదురయ్యే మరొక చిక్కు ఉంది. వీడియో కాల్ మొదలుకాగానే స్క్రీన్ రీడర్ గొంతు హఠాత్తుగా సన్నబడుతుంది. యంత్రం పాడయిందని చాలామంది భయపడతారు. విండోస్ కాల్‌ను గుర్తించినప్పుడు ఇతర ధ్వనులను 80 శాతం తగ్గించే ఏర్పాటు పాత సౌండ్ ప్యానెల్‌లోని కమ్యూనికేషన్స్ విభాగంలో ఉంటుంది. అక్కడ ‘ఏమీ చేయవద్దు’ అన్న అర్థమిచ్చే చివరి ఎంపికను పెట్టుకుంటే గొంతు తగ్గదు. అలాగే ఎన్‌వీడీఏ పూర్తిగా మౌనం వహిస్తే, పొరపాటున మాట ఆగి ఉండవచ్చు. ఎన్‌వీడీఏ, ఎస్ మీటలను ఒకటి రెండుసార్లు నొక్కి చూడాలి. అప్పటికీ పలకకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ మీటలతో విండోస్‌లోనే ఉన్న నరేటర్‌ను మేల్కొలిపి పని కొనసాగించవచ్చు.

ఇంటికి దూరంగా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు భాషాపరమైన అవసరం కూడా ఉంది. కర్ణాటకలోనో, తమిళనాడులోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో ఇంటిభాష తెలుగు, కార్యాలయ భాష మరొకటి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు తెలుగుతో పాటు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా పలుకుతుంది. పేజీలో ఏ భాగం ఏ భాషలో ఉందో తయారుచేసినవారు సరిగా గుర్తించి పెడితే, గొంతు తనంతట తానే భాష మార్చుకుంటుంది. తెలుగు భాగానికి ఇంగ్లీషు అని గుర్తు పెడితే చదువు తారుమారవుతుంది. ముద్రించిన కాగితాన్ని ఫొటో తీసి పెడితే అందులోని అక్షరాలు స్క్రీన్ రీడరుకు అక్షరాలుగానే అందవు. తెలుగులో సమాచారం ఇచ్చామని చెప్పుకోవాలంటే అది వినబడే తెలుగు కూడా కావాలి.

సేవాకేంద్రాల నిర్వాహకులు పాటించవలసినవి కష్టమైనవి కావు. ఒక్క కంప్యూటరులోనైనా ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేసి ఉంచాలి. హెడ్‌ఫోన్ ఏర్పాటు చేయాలి. లేకుంటే ఫోనుకు వచ్చిన ఓటీపీ, ఆధార్ సంఖ్య వరుసలో నిలుచున్నవారందరికీ వినిపిస్తాయి. గోలగా ఉందని ఆ కంప్యూటరు ధ్వనిని మూయకూడదు. సహాయం చేయదలచినవారు మీటలను తామే నొక్కక, ఏది నొక్కాలో చెప్పి, నొక్కే పని ఆ వ్యక్తికే వదలాలి.

ఇవన్నీ దయతో చేసే ఉపకారాలు కావు. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్న 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని నిర్దేశిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను పొందగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది.

కాబట్టి ఏదైనా ప్రభుత్వ వెబ్ పేజీలో ధ్వని తనంతట తాను మొదలై ఆగకపోతే, పేజీ పేరు, తేదీ, వాడిన స్క్రీన్ రీడర్ పేరు రాసి సంబంధిత కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అక్కడ ఫలితం లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరును ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు అంధులే చేయాలన్న నియమం లేదు. ఇంట్లోనివారు, ఇరుగుపొరుగువారు కూడా చేయవచ్చు. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, తాము పన్ను కట్టే పేజీని ఒకసారి కళ్లు మూసుకొని, మౌస్ ముట్టకుండా, నరేటర్‌తో తెరిచి చూడవలసిందిగా సభాసదులకు విన్నపం. ఏది అడ్డుతగిలిందో రేపటి అర్జీలో రాయడానికి ఆ అనుభవం చాలు.