చింతయు వయస్సును



గడ్డికంటె విస్తారమైన దేది యని యక్షుడు ప్రశ్నింపగా, చింత యని ధర్మరాజు బదులు చెప్పెను. కలుపు తీసిన రైతునకు ఈ యుత్తరము లోతు విప్పి చెప్ప నక్కఱలేదు. పెఱికినకొలది మొలచునది గడ్డి. ఒకటి తీఱినంతనే వేఱొకటి తలయెత్తునది చింత.

వయస్సు మీఱినకొలది చింత తనంతట తగ్గునని లోకులు తలంతురు. భారతము దీని కంగీకరింపదు. సంజయుడు పాండవులకడనుండి మరలివచ్చిన రాత్రి వృద్ధుడైన ధృతరాష్ట్రునకు కంటికి కునుకు రాలేదు. విదురుని పిలిపించుకొనెను. బలవంతునిచే చిక్కిన దుర్బలునకు, సొమ్ము పోగొట్టుకొన్నవానికి, కామాతురునకు, దొంగకు నిద్ర పట్టదని విదురుడు చెప్పి, పరుల ధనమునకై పరితపించుట లేదుగదా యని యడిగెను. నెరసిన తల ఆ రాత్రి రాజున కక్కఱకు రాలేదు. పాండవుల భాగము తన కుమారునికే నిలువవలెనను కోరిక తలక్రింద ముల్లై యుండెను.

యుద్ధానంతరము, నూర్గురు కొడుకులు పోయిన పిదప, ఆయన ధర్మరాజు కొలువున 15 ఏండ్లు గడపెను. భీముని ములుకులవంటి మాటలు పడెను. తుదకు గాంధారీ కుంతీ విదుర సంజయులతో వనమున కేగెను. కార్చిచ్చు క్రమ్మిననాడు సంజయుని తప్పించుకొని పొమ్మని, తాను తూర్పుమొగమై నిశ్చలముగ కూర్చుండెను. ఉద్యోగపర్వమందలి ఆ జాగరమును, ఆశ్రమవాసపర్వమందలి ఈ శాంతిని తెలుగు చేసినవాడు తిక్కన సోమయాజి యొక్కడే.

ముదిమి తెచ్చునది ఒక లెక్క. జరుగునేమో యని జడిసినవానిలో జరిగినవెన్ని, జరిగినవానిలో ఓర్వరానివెన్ని యని పాత చిట్టా తిరుగవేసినవానికి తెలియును. కూతురి కాపురము, మనుమని చదువు వంటి చింతలు మమత యున్నంతకాలము ఉండును. అవి దోషములు కావు. నాది, నాకే యను పట్టునుండి పుట్టిన చింతలే ఆ లెక్కలో నిలువవు. కాని ఈ తెలివికి ధృతరాష్ట్రుడిచ్చిన వెల నూర్గురు కొడుకులు. గట్టు తగాదాతో మాట మానుకొన్న అన్నదమ్ములలో, ఒకని పాడె లేచిననాడు గాని ఆ గట్టు జానెడేయని రెండవవాడు గ్రహింపకుండుటయు నిట్టిదే.

అంత వెల పెట్టకయే నేర్చుటకు గ్రంథాలయము కలదు. రాయబార పద్యములకై ఉద్యోగపర్వము తెఱచిన యువకుడు, విదురుని ప్రశ్నయొద్ద ఒక్క సాయంకాలము నిలుచుగాక! దానివలన ఈ యూర ఒక్క గట్టు తగాదా తీఱినను, ఇరువదియైదేండ్లుగా కొన్న పుస్తకముల వెల ముట్టినట్లే.