తలుపు బయట నిలబడినవాళ్లు



పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ గారి స్మృతిలో మాట్లాడమని పిలిచారు. చంద్రపూర్ దాకా వచ్చి హైదరాబాదు సంగతులే చెప్పి వెళ్లడం నాకు సబబనిపించలేదు. హక్కుల చరిత్రలో ఈ ఊరికి సొంత అధ్యాయం ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్, 16న ఇక్కడికి వచ్చి వేలాదిమందికి దీక్ష ఇచ్చారు. ఆ దీక్షాభూమి మీకు తెలియంది కాదు. నేను చెప్పబోయేది మనం అంతగా తలుచుకోని ఇంకో కథ. అది ఈ ఊరి సెషన్స్ కోర్టు మెట్లెక్కిన కథ.

1972 మార్చి 26 రాత్రి. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్. కూలి చేసుకు బతికే ఆదివాసి పిల్ల. అమ్మానాన్నా లేరు. వయసు 14, 16 ఏళ్ల మధ్య. అన్న పెట్టిన ఫిర్యాదు మీద అందరినీ పిలిపించి, వాంగ్మూలాలు రాసుకున్నారు. మిగతావాళ్లను వెళ్లమని ఆ అమ్మాయిని మాత్రం ఆపేశారు. తలుపు మూశారు, దీపాలు ఆర్పారు. ఇద్దరు పోలీసుల్లో ఒకరు ఆమెపై అత్యాచారానికి, మరొకరు అఘాయిత్యానికి పాల్పడ్డారన్నది కేసు.

ఆమె పేరు ఈ వేదిక మీద పలకను. లా చదివిన ప్రతివారికీ ఈ కేసు ఆమె పేరుతోనే తెలుసు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమన్న నిబంధన 1983లో వచ్చింది. రావడానికి కారణమైన ఆందోళన ఆమె కేసుతోనే మొదలైంది. తరవాత వచ్చినవాళ్లందరి పేర్లనూ అది కాపాడింది. ఆమె పేరు మాత్రం అప్పటికే పుస్తకాల్లోకి ఎక్కిపోయింది.

ఆ రాత్రి తలుపు బయట ఏం జరిగిందో కాస్త ఆగి చూడాలి. ఆ పిల్ల పనిచేసే ఇంటావిడ వెళ్లిపోకుండా అక్కడే ఉంది. లోపల చీకటి చూసి కేకలు పెట్టింది. జనం పోగయ్యారు. అమ్మాయి బయటికొచ్చి జరిగింది చెప్పగానే స్టేషన్ తగలబెడతామన్నంత కోపం రేగింది. ఆ తరవాతే ఫిర్యాదు కాగితం మీదికెక్కింది. తలుపు బయట ఆ కేకే లేకపోతే కేసూ లేదు, తీర్పుల్లేవు, చట్టం మారడమూ లేదు. ఈ మాట మన లా పుస్తకాల్లో ఉండాల్సినంతగా లేదని నా ఫిర్యాదు.

1974 జూన్ 1న ఇక్కడి సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. ఆ అమ్మాయిని అబద్ధాలకోరు అంది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఒకరికి 5 ఏళ్లు, మరొకరికి ఏడాది శిక్ష వేసింది. భయంతో ఊరుకోవడం ఒప్పుకోవడం కాదని ఆ బెంచి గుర్తించింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒంటిమీద గాయాల్లేవు కాబట్టి పెనుగులాట లేదని, పెనుగులాట లేదు కాబట్టి సమ్మతి ఉన్నట్టేనని తేల్చింది.

అదే 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. అక్కడా ముందు కదిలింది జనమే. ఊరు భగ్గుమంది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు ఆమె తరఫున నిలబడిన లాయరు కన్నబిరాన్ గారు. ఆమె శీలం మీదికి ప్రశ్నలు విసురుతున్న చోట ఆయన పోలీసుల అధికారాన్ని బోనెక్కించారు. కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కోర్టు విచారణ మాత్రం రాయచూరుకు మారింది, అక్కడ పోలీసులు బయటపడ్డారు.

దేసాయిగంజ్ తీర్పు చదివి 1979 సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. వారు ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్. రాత్రిపూట స్టేషన్‌లో ఇద్దరు పోలీసుల మధ్య చిక్కిన కూలిపిల్ల పెనుగులాడలేదని ఎలా నిందిస్తారని నిలదీశారు. సర్వోన్నత న్యాయస్థానం తీర్పును పౌరులు ఇలా ప్రశ్నించడం ఆనాడు చిన్న సంగతి కాదు. 1980 మార్చి 8న స్త్రీలు ఊరూరా వీధుల్లోకొచ్చారు. తీర్పు మారలేదు గానీ చట్టం మారింది.

కస్టడీలో జరిగిన అత్యాచారంలో సంభోగం రుజువై, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే నిజంగా తీసుకోవాలని 1983 సవరణ చెప్పింది. అలా కాదని రుజువు చేసుకునే భారం నిందితుడిదైంది. బాధితురాలి నడవడికను తవ్వే సెక్షన్ తొలగడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. పెనుగులాడనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో రాసింది 2013లో, నిర్భయ ఘటన తరవాత. దేసాయిగంజ్ పిల్ల మాట చట్టానికి అర్థం కావడానికి 40 ఏళ్లు కావాల్సి వచ్చింది. ఆ మార్పుల్లో ఒక్కటీ ఆమె కేసుకు వర్తించలేదు. ఇది మనం ఆమెకు పడ్డ బాకీ.

కన్నబిరాన్ గారి వారసత్వం అంటే కోర్టు వాదనలేనని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. వాదించడానికి లాయర్లు దొరుకుతారు. తలుపు బయట రాత్రంతా నిలబడేవాళ్లు దొరకడమే కష్టం. విచారణకైతే పోలీసులే స్త్రీ ఇంటికి రావాలి తప్ప ఆమెను స్టేషన్‌కు రప్పించకూడదని చట్టం చెబుతోంది. బల్లార్షాలోనైనా, రాజురాలోనైనా, గడ్చిరోలి పల్లెల్లోనైనా మీ వాడకట్టు ఆడమనిషికి స్టేషన్ నుంచి పిలుపొస్తే ఈ మాట గట్టిగా చెప్పండి. అప్పటికే తీసుకెళ్లి ఉంటే, ఎంత రాత్రయినా మీరూ వెళ్లండి. ఆమె బయటికొచ్చేదాకా కదలకండి.