వరుసలో నిలబడి తెచ్చిన యూరియా పైరుకే అందాలి
(మండల రైతు సదస్సులో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టి యూరియా కోసం కాచుకునే రోజులొచ్చాయి. యూరియా కావాలంటే ఈ సీసా కూడా కొనాలనే దుకాణాలూ ఉన్నాయి. అంత పాటుపడి తెచ్చిన 45 కిలోల బస్తాలో ఉండే నత్రజని సుమారు 21 కిలోలు. వరిలో పైరుకు అందేది మామూలుగా అందులో సగం కూడా కాదు. నిలువ నీటిలో చల్లితే కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలోకి దిగిపోతుంది, కొంత మురుగు కాలవ పాలవుతుంది.

రైతులు యూరియా అతిగా వాడుతున్నారని పెద్దలు అంటారు. ఎందుకో చెప్పరు. 2010లో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద పట్టు వదిలింది, యూరియా ధరను మాత్రం అలాగే ఉంచింది. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ బస్తా 1,350. చేతిలో డబ్బు లేనివాడు దేనివైపు చూస్తాడు? ధరలు చేసిన తప్పును మన మీద రుద్దితే ఒప్పుకోం. అయితే ధరలు మారేదాకా నష్టపోతూ కూర్చోనక్కర లేదు.

యూరియాను ఒకేసారి గుమ్మరించొద్దు. దమ్ములో కొంత, దుబ్బు చేసేటప్పుడు కొంత, అంకురం దశలో కొంత వేద్దాం. నీరు తీసేసి బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ నీరు పెడదాం. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు నిలవ ఉంచి చల్లితే ఇంకా మేలు. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొచ్చి పైరు గిడసబారితే అది జింకు లోపం కావచ్చు, దానికి యూరియా మందు కాదు. పైరు మరీ నల్లగా ఏపుగా పెరిగితే దోమపోటును, అగ్గితెగులును పిలిచినట్టే. ఆపై పురుగుమందుల అప్పు వేరే.

ఇక భూసార పరీక్ష. 2015 నుంచి కార్డులున్నాయి. నాట్లయ్యాక చేతికొచ్చే ఫలితం దేనికి? పట్టా యజమానిది, సాగు కౌలుదారుది అయితే కార్డు ఎవరి చేతికి రావాలి? నమూనాలు వేసవిలోనే తీయాలి, ఫలితాలు దుక్కికి ముందే ఇవ్వాలి, సాగు చేసేవారి పేరునే ఇవ్వాలి. ఇదీ మా డిమాండు.

మన వంతు పని కూడా ఉంది. ఎకరంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, అంచు మట్టి పైనుంచి కిందిదాకా గీకి, అంతా కలిపి అర కిలో సంచిలో కట్టండి. గట్ల పక్కన, పెంటకుప్ప దగ్గర, చెట్టు నీడన తీయొద్దు. గ్రామ కమిటీలు కౌలు రైతుల పేర్లు కూడా రాసుకుని, ఈ నెలాఖరులోగా జాబితా మండల కమిటీకి అందించాలి. అందరి సంచులూ ఒకే రోజు పట్టుకుని వ్యవసాయ కార్యాలయానికి కలిసే వెళ్దాం.