దూరపు ఉద్యోగం గిట్టుబాటేనా?

విశాఖ ఉక్కు కర్మాగారంలో, పోర్టులో పనిచేసే వారంతా నగరంలోనే ఉండరు. కొందరు అనకాపల్లి నుంచి, కొందరు విజయనగరం నుంచి రోజూ వస్తారు. సొంతిల్లు, అమ్మానాన్నలు అక్కడ. జీతం ఇక్కడ. మరి ఈ ప్రయాణం గిట్టుబాటేనా?

మొదటిది డబ్బు లెక్క. అద్దెలో మిగిలేదెంత? దారి ఖర్చుకు పోయేదెంత? దువ్వాడ స్టేషన్‌లో రైలు దిగాక కర్మాగారం గేటు దాకా అయ్యే ఖర్చూ కలపాలి.

రెండోది కాలం లెక్క. గుమ్మం నుంచి గేటు దాకా పట్టేదే అసలు సమయం. దారిలో గాజువాక రద్దీ కూడా అందులోదే.

మూడోది ఒంటి లెక్క. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు మూడు. రాత్రి షిఫ్టు దిగి, నిద్రమత్తులో హైవే మీద బండి నడపడం ప్రాణాపాయం.

డబ్బు, కాలం, ఒళ్లు. మూడూ కలిపే చూడాలి. నిద్ర చాలకపోతే, ఎంత మిగిలినా ఆ దూరం గిట్టదు.