ప్రశ్నోత్తర సాయంకాలము
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



మన కుటుంబములలో పుట్టి పెరిగి, నేడు ఈ చెన్నపట్టణమున కంపెనీలలోను, బ్యాంకులలోను, ఆసుపత్రులలోను ఉద్యోగములు చేయుచున్న యువతీయువకులను ఒకచోట చేర్చవలెనని మేము చాలకాలముగా తలపోయుచుంటిమి. ఉగాది కవిసమ్మేళనమునకు పిలిచితిమి, రాలేదు. త్యాగరాజ ఆరాధనకు పిలిచితిమి. వచ్చిన కొలదిమంది ప్రసాదము స్వీకరించి, సెల్‌ఫోను చూచుకొనుచు వెడలిపోయిరి. వేదిక మాది, మాట మాది. వారు నోరు విప్పుటకు అందు చోటెక్కడ? ఈ చిన్న సంగతి గ్రహించుటకు మాకు ఇన్నేండ్లు పట్టినది.

కావున ఈ యేడు ఒక శనివారము సాయంకాలము పాఠశాల హాలులో ప్రశ్నోత్తర గోష్ఠి నొకదానిని ఏర్పాటు చేసితిమి. వారు దీనిని క్విజ్ అందురు. బల్లకు ఆరుగురు చొప్పున కూర్చుండుట, అందరును కలిసి యోచించి ఒక్క జవాబు చెప్పుట. పెద్దలమగు మాకును ఒక బల్ల ప్రత్యేకించితిమి. బహుమానము పూతరేకులు.

మొదటి విడతలోనే మాకు చెంపపెట్టు తగిలినది. ప్రశ్నలను చక్కని తెలుగు లిపిలో అచ్చొత్తించి పంచితిమి. పది నిమిషములు గడచినను ఏ బల్లనుండియు జవాబు లేదు. ప్రశ్నలు కఠినమైనవేమో యనుకొంటిమి. అంతలో ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి, మెల్లగా, "మాస్టారూ, మీరు చదివి వినిపించండి. జవాబు మాకు తెలిసే ఉంటుంది" అనెను. వచ్చినవారిలో సగముమందికి అక్షరములు రావు!

దీనికి 2006 నాటి చట్టమును నిందించుట మనలో పరిపాటి. ఆ చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి నిర్బంధమై, ఏటేట పై తరగతులకు ప్రాకిన మాట నిజమే. తెలుగునకు దొరకు గంటలు తగ్గినవనుటయు నిజమే. అయినను, ఉన్న ఊరి భాష నేర్చుట మనకు నష్టము కాదు. ఇంటియొద్ద సాయంకాలము అరగంట సేపు అక్షరములు దిద్దించుటను ఏ చట్టమును వలదనలేదు. ఈ మాట చెప్పుటకు మాకు మొగము చెల్లదు. ఆనాడు వచ్చిన వారిలో మా బిడ్డలును కలరు.

కాగితములు ప్రక్కనబెట్టి, ప్రశ్నలను చదివి వినిపించితిమి. అప్పుడు హాలు మేల్కొన్నది. "లజ్ కూడలి యొద్ద మీరు ఉదయము నడచు తోట ఎవరి పేరిట ఉన్నది?" అనగా, నాగేశ్వరరావు పార్కు అని అందరు నరచిరి. ఆయన యెవరని అడుగగా, సినిమా నటుడు అక్కినేని యనిరి కొందరు! 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, ఆ నగరమందే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమున దానిని దినపత్రిక గావించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారని చెప్పినప్పుడు, ఒక యువకుడు తన సంచినుండి ఆ పసుపుపచ్చ లేపనపు సీసాను తీసి బల్లపై నిలిపెను. ఆ తోట చుట్టు తాను ఏడేండ్లుగా తిరుగుచున్నాడట.

తరువాతి ప్రశ్న మన పాఠశాల తమిళ పండితులు సమకూర్చినది. తెలుగు సీమనుండి దక్షిణమునకు వలసవచ్చి స్థిరపడిన కుటుంబముల కథను నవలగా వ్రాసిన తెలుగింటి రచయిత యెవరు? మా బల్లవారము తెలుగు నవలాకారుల పేర్లన్నియు తడవి ఓడిపోయితిమి. లిపి రాని ఆ అమ్మాయియే లేచి, "కి. రాజనారాయణన్" అనెను. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ వాస్తవ్యుడు. ఇంటి భాష తెలుగు, వ్రాసినది తమిళము. 'గోపల్ల గ్రామము' 1976 నాటిది. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. మన పూర్వుల ప్రయాణమును ఆమె తమిళమున చదివియున్నది. మేము ఏ భాషయందును చదువలేదు.

చివరి విడతలో పుస్తకములతో పనిలేదు. గేదెను మీ యింట నేమందురు? ఒక బల్ల బర్రె యన్నది, ఒక బల్ల ఎనుము అన్నది. సందేహము కలిగి ఒకడు ఊరిలోని అవ్వకు ఫోను చేసెను. ఆమె గేదెతో ఆపక, పాలు పితుకుట మొదలు వెన్న కాచుట వరకు ఇంటి మాటలన్నియు ఏకరువు పెట్టినది. హాలంతయు నిశ్శబ్దముగా వినినది. తొమ్మిదింటికి ముగియవలసిన గోష్ఠి పదిన్నర దాటినది. పూతరేకులను ఆ అవ్వకే పంపుదమని అందరును తీర్మానించిరి. దారిలో పొడియగునని మా కార్యదర్శి వారించెను గాని, ఎవరు వినిరి?

మరుసటి వారము నలుగురు వచ్చి అక్షరములు నేర్పుమనిరి. ఒకటవ తరగతి గదిలో, చిన్న బల్లలపై మోకాళ్లు ముడుచుకొని, శనివారములందు దిద్దుచున్నారు. మీ పిల్లలు ఆ గది కిటికీనుండి చూచి నవ్వుచున్నారని విన్నాము, నవ్వనిండు.

వచ్చు గోష్ఠి సంక్రాంతి వెళ్లిన రెండవ శనివారము. ఈసారి ప్రశ్నలు వారే కూర్చెదరు, మేము జవాబులు చెప్పెదము. ఒక్కొక్క బల్లయొద్ద ఒక అవ్వయో తాతయో ఉండవలెనని వారి కోరిక. మీ యింటి పెద్దలను వెంటబెట్టుకొని రండు. మెట్లు ఎక్కలేనివారికై క్రింది హాలుననే కుర్చీలు వేయించుచున్నాము.