ట్రెయిలరు రివర్సు: నేర్పాకే పనిలో పెట్టాలి

(బెంగళూరులో మన యూనియన్ జరిపిన భద్రతా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిల్లు అనగానే మనకు స్పిన్నింగు, వీవింగు శాఖలే గుర్తొస్తాయి. గోడౌను దగ్గరి ట్రాక్టరు సంగతి ఎవరికీ పట్టదు. కానీ పత్తి బేళ్ళు లోపలికి రావాలన్నా, నూలు మూటలు గేటు దాటాలన్నా అదే కదలాలి. మొన్న ఆ ట్రెయిలరు వెనక్కి వస్తూ మన హమాలీ తమ్ముడి కాలును గోడౌను గోడకేసి నలిపేసింది. నడిపింది ఒక బదిలీ కార్మికుడు. "డ్రైవింగు వచ్చా?" అని సూపర్‌వైజరు అడిగితే "వచ్చు సార్" అన్నాడు. లైసెన్సు ఉంది, అబద్ధం కాదు. కానీ ట్రెయిలరు తగిలించి రివర్సు చేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. యాజమాన్యం ఆయనకు ఛార్జిషీటు ఇచ్చింది. నేర్పకుండా ఎక్కించినవారికి ఏ కాగితమూ ఇవ్వలేదు.

"రాదు" అని ఎందుకు చెప్పలేదని మనలోనే కొందరు అడిగారు. రాదంటే ఆ రోజు షిఫ్టు పోతుంది. ఈ ఊళ్ళో బిన్నీ, మినర్వా, రాజా మిల్లులు మూతపడటం చూసినవాళ్ళం. మగ్గం పోయాక స్టీరింగు పట్టినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. పని పోతుందన్న భయంతో వచ్చిన "వచ్చు" అది.

ఇక అసలు పని సంగతి. పత్తి బేలు ఒక్కోటి 170 కిలోలు. 20 బేళ్ళు వేస్తే 3,400 కిలోలు, ట్రెయిలరు బరువు కాక. నడక వేగంతో వచ్చినా మనిషి చేయి పెడితే అది ఆగదు.

మనలో చాలామంది చిత్తూరు, అనంతపురం, కోలారు పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. ఎద్దుల బండిని వెనక్కి తోయడం చూసే ఉంటాం. నొగను కుడికి నెడితే బండి తోక ఎడమకు తిరుగుతుంది. రెండు చక్రాల ట్రెయిలరుదీ అదే పద్ధతి. ముందుకు చూసి కూర్చున్నప్పటి ఎడమవైపుకి ట్రెయిలరు తోక పోవాలంటే స్టీరింగును మొదట కుడికి తిప్పాలి. తికమకగా ఉంటే చేతిని స్టీరింగు కింది భాగంలో పెట్టుకోండి. తోక ఎటు పోవాలో చేతిని అటే జరపండి. తోక తిరగడం మొదలు కాగానే స్టీరింగును మెల్లగా వెనక్కి తిప్పుకొస్తూ ట్రాక్టరును ట్రెయిలరు వెంట పోనివ్వాలి. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. తిప్పిన స్టీరింగును అలాగే పట్టుకుంటే రెండూ మోచేయిలా మడుచుకుపోతాయి. అప్పుడు ఇంకా తిప్పి లాభం లేదు. ఆపాలి, ముందుకు పోయి నిటారు చేసుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. పదిసార్లు ముందుకు పోయినా నామోషీ లేదు.

పొట్టి ట్రెయిలరు చటుక్కున తిరుగుతుంది, పొడుగుది నిదానంగా తిరుగుతుంది. ముందు చక్రాలు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రెయిలరుకు మడిచే చోట్లు రెండు. దాని లెక్క వేరు, దాన్ని విడిగా నేర్చుకోవాలి. ట్రాక్టరు వెనక చక్రాలకు రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. ట్రెయిలరు లాగేటప్పుడు రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. ఒక్కదాన్నే తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతుంది.

వెనక సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు రకాలుగా "రా, రా" అని అరిస్తే డ్రైవరు ఎవరి మాట వినాలి? సైగ చేసేవాడు డ్రైవరుకు కనిపించే చోట, పక్కగా నిలబడాలి. అతను కనిపించకపోతే అదే బ్రేకు వేయాల్సిన సైగ. ట్రెయిలరుకూ గోడకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. పిన్ను తీసేముందు చక్రాలకు అడ్డంగా మొద్దులు వేయాలి. 1989 రోడ్డు నియమాలు కూడా, ఎవరికీ ప్రమాదం లేదని నిర్ధారించుకున్నాకే వెనక్కి నడపాలన్నాయి.

శిక్షణ అడగడం యాజమాన్యం దగ్గర చేయి చాచడం కాదు. 1984లో భోపాల్ దుర్ఘటన జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 111ఏ సెక్షన్ చేర్చారు. భద్రత గురించి సమాచారం పొందడం, శిక్షణ పొందడం, లోపాలుంటే ఇన్‌స్పెక్టరుకు నేరుగానో ప్రతినిధి ద్వారానో చెప్పుకోవడం కార్మికుడి హక్కులని అందులో రాశారు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానంలో మరొకటి వచ్చింది. చట్టం పేరు మారిందన్న సాకుతో నేర్పే బాధ్యత తప్పించుకుంటామంటే మనం ఒప్పుకోం.

అందుకే మన డిమాండ్లు ఇవి. ట్రాక్టరు ఎక్కే ప్రతి కార్మికుడికీ, బదిలీ అయినా కాంట్రాక్టు అయినా, జీతం ఇచ్చే వేళల్లోనే శిక్షణ ఇవ్వాలి. మొదట ఖాళీ ట్రెయిలరుతో, ఖాళీ జాగాలో నేర్పాలి. ప్రతి రివర్సుకూ సైగ తెలిసిన ఒక మనిషిని ఇవ్వాలి. గాయపడిన తమ్ముడికి వైద్యమూ నష్టపరిహారమూ ఇవ్వాలి. బదిలీ కార్మికుడి ఛార్జిషీటు ఎత్తేయాలి.

ఆ బదిలీ అన్న ఆనాటి నుంచి సీటు ఎక్కడం లేదు. ఆసుపత్రిలో తమ్ముడి మంచం పక్కన కూర్చుని వస్తున్నాడు. "అన్నది తప్పు కాదు, నేర్పనివాళ్ళది" అని ఆ తమ్ముడే మాతో అన్నాడు. వచ్చే ఆదివారం ఖాళీ ట్రెయిలరుతో మనమే సాధన మొదలుపెడుతున్నాం. మొదట ఆ అన్ననే ఎక్కిస్తాం. అందరూ రండి. తెలియని పని చెప్తే "రాదు, నేర్పండి" అని చెప్పండి. అలా అన్నందుకు ఎవరి షిఫ్టూ పోకుండా చూసే బాధ్యత యూనియన్‌ది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!