క్రొత్త కారులో మిత్రబృందము

ఒకప్పుడు ఇంటికి క్రొత్తగా అంబాసిడరు కారు వచ్చి, బెజవాడ దుర్గమ్మ సన్నిధిని పూజ ముగిసి, చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగిన మరునాడే మిత్రులెల్లరును షికారునకు సిద్ధమగుచుండిరి. 1957లో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమునుండి వెలువడనారంభించి 2014లో నిలిచిపోయిన యీ బండి పాత మాదిరులలో గేరురాడ్డు స్టీరింగు ప్రక్కనే యుండుటచే ముందుసీటునఁ గూడ ముగ్గురు కూర్చుండఁగలిగెడివారు. కావున ఆఱుగురి నెక్కించుకొనుట నాఁడు తప్పు గాలేదు, ఎనమండుగురిని కుక్కుట మాత్రము స్నేహము గాదు, క్రౌర్యము. క్రొత్త యింజనులో పిస్టను రింగులును సిలిండరు గోడలును పరస్పర ఘర్షణచే నునుపుదేఱి యొదుగువఱకు, తొలి 500 మైళ్లలోనైనను, అతివేగమును అధికభారమును కూడదు. వెనుకసీటునుండి “ఇంకొంచెము తొక్కవోయ్!” అని పురికొల్పు మిత్రునకు (అట్టివాఁడొకఁడు ప్రతి బృందమునను ఉండును) చెవి యొగ్గకుఁడు, టైర్లలో గాలి చూచుకొని బయలుదేరుఁడు. ఆ ఘర్షణకు గుర్తుగా, తొలిసారి ఇంజను నూనె మార్చునాఁడు పాతనూనెలో సన్నని లోహపు రజను మెఱయుచుండును.